హిప్పోకాంపస్‌ని కొలవడం: మా కన్సోల్ రూములో నేను చేసే పద్ధతి

మొన్నామధ్య నరసరావుపేట నుంచి ఒకాయన వచ్చి, మా కౌంటర్ బల్ల మీద వాళ్ల నాన్నగారి ఎంఆర్ఐ ఫిల్మ్ పరిచి, జేబులోంచి స్కేలు తీశాడు. పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే ప్లాస్టిక్ స్కేలు. "న్యూరో డాక్టరుగారు హిప్పోకాంపస్ ఎంతుందో కొలిపించుకు రమ్మన్నారమ్మా. అదెక్కడుందో మీరు వేలు పెట్టి చూపించండి చాలు, నేనే కొలుచుకుంటా" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఇంచుమించు ఇలాగే అనుకున్నాను. ఆయన స్కేలుతో వచ్చిన చిక్కల్లా, ఫిల్మ్ మీద బొమ్మ అసలు సైజులో ఉండదు. ఒక షీటు మీద ఇరవై బొమ్మలు పట్టడానికి కుదించి ప్రింటు చేస్తాం. పైగా హిప్పోకాంపస్ అంటే మెదడు లోపల జ్ఞాపకాల పని చూసే చిన్న భాగం, డాక్టరుగారికి కావలసింది దాని పొడవు కాదు, ఘనపరిమాణం. ఒక్క బొమ్మలో అది దొరకదు.

నేను గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎంఆర్ఐ టెక్నాలజిస్టుని. అంతకుముందు కొన్నేళ్లు బెజవాడలో చేశాను. డాక్టర్ని కాను. కొలిచి అంకె ఇవ్వడం నా పని, ఆ అంకెకి అర్థం చెప్పి సంతకం పెట్టడం రేడియాలజిస్టుగారి పని. కొత్తగా చేరిన టెక్నాలజిస్టులు, అప్పుడప్పుడు పీజీ స్టూడెంట్లు "మేడం, మీరెలా గీస్తారో ఒకసారి చూపించరా" అని పక్కన కుర్చీ వేసుకుంటారు. వాళ్లకి నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

కొలిచే వస్తువు ఎంతది?

మీ చిటికెన వేలు చూసుకోండి. ఇంచుమించు అంత. పొడవు నాలుగు, నాలుగున్నర సెంటీమీటర్లు, మందం సెంటీమీటరు. పెద్దవాళ్లలో ఒక్కో వైపు మూడు, మూడున్నర సీసీలు ఉంటుంది. టీస్పూను ఐదు సీసీలు కదా, అందులో మూడింట రెండు వంతులు. చెవికి లోపలి పక్కన, టెంపొరల్ లోబ్ అడుగున, రెండు వైపులా ఒక్కొక్కటి. కొత్త విషయాల్ని జ్ఞాపకంగా మార్చేది ఇదే. 1587లో ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త అరాంజీ దీన్ని చూసి సముద్రపు గుర్రంలా ఉందని ఆ పేరు పెట్టాడు. (కొందరు తెలుగులో నీటిగుర్రం అని రాస్తారు. అది వేరే జంతువు, మన మెదడులో పట్టదు.)

మా దగ్గరికి రెండు రకాల చీటీలు వస్తాయి. ఒకటి మతిమరుపు, రెండోది ఫిట్స్. మతిమరుపులో ఈ ఏడాదికీ వచ్చే ఏడాదికీ ఎంత తగ్గిందన్నది ముఖ్యం. మందులకి లొంగని ఫిట్స్‌లో కుడి ఎడమల తేడా ముఖ్యం, ఎందుకంటే ఆపరేషన్ ఏ వైపు చేయాలన్నది దాని మీద కొంత ఆధారపడుతుంది. 1990లో అమెరికా మేయో క్లినిక్‌లో క్లిఫర్డ్ జాక్ బృందం ఎంఆర్ఐలో రెండు వైపులా ఘనపరిమాణం కొలిచి, ఫిట్స్ ఏ వైపు నుంచి వస్తున్నాయో పట్టుకోవచ్చని చూపించింది. చీటీ చదవకుండా కొలవడం మొదలుపెట్టకండి. ఏ ప్రశ్నకి కొలుస్తున్నామో తెలిస్తే ఏ స్కాన్ తీయాలో తెలుస్తుంది.

కొలత స్కాన్ తీసేటప్పుడే మొదలవుతుంది

మామూలు బ్రెయిన్ స్కాన్‌లో ఒక్కో స్లైస్, అంటే మెదడుని కోసినట్టు తీసే ఒక్కో బొమ్మ, ఐదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, మధ్యలో గ్యాప్ వేరే. సెంటీమీటరు మందం ఉన్నదాన్ని అలాంటి స్లైసుల్లో కొలిస్తే వచ్చేది అంకె కాదు, అంచనా. మనకి కావలసింది త్రీడీ టీ1 (నీళ్లు నల్లగా, వైట్ మ్యాటర్ తెల్లగా కనిపించే రకం స్కాన్), మూడు దిక్కులా ఒక మిల్లీమీటరు. మా మెషీన్‌లో ఐదు నిమిషాల పైచిలుకు పడుతుంది. మధ్యలో గ్యాప్ ఉండదు, తర్వాత ఏ కోణంలోనైనా కోసి చూసుకోవచ్చు.

ఫిట్స్ కేసులకి దీంతోపాటు కరోనల్ (ముఖానికి సమాంతరంగా కోసినట్టు తీసే) టీ2, ఫ్లేర్ అనే రకాల బొమ్మలు కూడా తీయాలి. ఆ కరోనల్ టీ2 స్లైసులు హిప్పోకాంపస్ పొడవుకి సరిగ్గా అడ్డంగా పడాలి. బెండకాయని నిలువుగా పట్టుకుని అడ్డంగా తరిగితే గుండ్రటి బిళ్లలు వస్తాయి. ఏటవాలుగా తరిగితే కోలగా వస్తాయి. కాయ ఒకటే, బిళ్ల పెద్దదైనట్టు కనిపిస్తుంది. అందుకని పక్కనుంచి తీసిన బొమ్మలో హిప్పోకాంపస్ పొడుగ్గా కనిపించే చోటు వెతికి, దాని వెన్ను వెంట ఒక గీత ఊహించుకుని, ఆ గీతకి లంబంగా స్లైసులు పెట్టండి. రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసిన స్కాన్‌లో కుడి ఎడమల పోలిక నమ్మను నేను.

ఇక కదలిక. మతిమరుపుతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లు. లోపలికి వెళ్లాక ఎందుకొచ్చారో మర్చిపోతారు, లేవబోతారు. తలకి రెండు పక్కలా స్పాంజీలు బిగించడం అందరూ చేస్తారు. నేను ఇంకొకటి చేస్తాను: టీ1ని మొదటే తీసేస్తాను. ఓపిక ఉన్న మొదటి ఐదు నిమిషాలు దానికే. "పెద్దాయనా, గుటక వేసుకోవచ్చు. దగ్గొస్తే చప్పుడు ఆగినప్పుడు దగ్గండి. తల మాత్రం దేవుడికి మొక్కుకున్నట్టు అలాగే ఉంచండి" అని చెబుతాను. "అమ్మాయ్, ఇంకెంతసేపు?" అని మైకులో వినిపిస్తూనే ఉంటుంది. కదిలిన స్కాన్‌లో అంచులు అలలు అలలుగా వస్తాయి, సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే గ్రే మ్యాటర్ (మెదడులోని బూడిదరంగు భాగం) ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అంటే కదిలిన మనిషికి లేని జబ్బు అంటగట్టినట్టు. మళ్లీ తీయండి. బయట పదిమంది కూర్చుని ఉన్నారన్న టెన్షన్ నాకూ ఉంటుంది, అయినా మళ్లీ తీయండి.

కుడివైపు నుదుటి పక్కన ఒక విటమిన్ ఇ క్యాప్సూల్ ప్లాస్టర్‌తో అంటిస్తాను. టీ1లో అది తెల్లగా మెరుస్తుంది. ఎందుకంటారా? మనం చూసే స్క్రీన్‌లో ఎడమ పక్కన ఉండేది పేషంటు కుడివైపు. కొన్ని సాఫ్ట్‌వేర్లు దీన్ని తిప్పి చూపిస్తాయి. ఫైలు ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి మార్చినప్పుడు ఎప్పుడైనా తారుమారైతే మనకి తెలిసే దారి లేదు, మెదడు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి. క్యాప్సూల్ ఎటుంటే అది కుడి. రూపాయో రెండు రూపాయలో ఖర్చు.

గీయడం

డేటా డైకామ్ (స్కానర్ ఇచ్చే అసలు ఫైలు) రూపంలోనే తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, జేపెగ్, ఫిల్మ్ ఏవీ పనికిరావు. డైకామ్ ఫైలులో ఒక్కో పిక్సెల్ ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఉంటుంది, మన లెక్కకి ప్రాణం అదే. డీసీఎం2ఎన్ఐఐఎక్స్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో మొత్తం స్లైసుల్ని ఒక్క ఫైలుగా మార్చుకుని, ఐటీకే-స్నాప్‌లో తెరుస్తాను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. త్రీడీ స్లైసర్ కూడా ఉచితమే, ఇంకా చాలా పనులు చేస్తుంది. నాకు స్నాప్ అలవాటు. మూడు దిక్కుల బొమ్మలూ ఒకేసారి కనిపిస్తాయి, అదే ముఖ్యం.

మొదట వెలుతురు సంగతి తేల్చుకోండి. బొమ్మ వెలుతురు కాస్త పెంచితే తెలుపు పొంగుతుంది, తగ్గిస్తే బూడిదరంగు పొంగుతుంది. మన గీత దాంతోపాటే జరుగుతుంది. ఒక పద్ధతి పెట్టుకుని రెండు వైపులకీ, పాత స్కాన్‌కీ కొత్త స్కాన్‌కీ అదే వాడండి. గదిలో ట్యూబులైటు ఆపేయండి. టచ్‌ప్యాడ్‌తో గీయకండి, మౌస్ కావాలి. నేనైతే పిల్లలు బొమ్మలు గీసుకునే పెన్ టాబ్లెట్ కొనుక్కున్నాను. మా అబ్బాయి దాన్ని చూసి, ఆఫీసులో అమ్మ రంగులు వేసుకుంటుందని వీధంతా చెప్పాడు. అబద్ధం కూడా కాదు.

కొత్తవాళ్లు ముందు కొస నుంచి మొదలుపెట్టి అక్కడే ఇరుక్కుపోతారు. మీరు మధ్యలో మొదలుపెట్టండి. మధ్య భాగంలో అడ్డకోత చూస్తే జీడిపప్పులా వంకీ తిరిగి ఉంటుంది. బయటి పక్కన టెంపొరల్ హార్న్ (మెదడులో నీళ్లుండే గది కొమ్ము) నీళ్లు నల్లగా, కింద తెల్లటి వైట్ మ్యాటర్. హద్దులు తేటగా ఉంటాయి. అక్కడ చెయ్యి కుదిరాక ఒక్కో స్లైసే ముందుకి వెళ్లండి. తోక చివర్న.

ముందు భాగాన్ని తల అంటాం. అక్కడ పై అంచు కజ్జికాయ అంచులా మడతలు మడతలుగా ఉంటుంది. ఆ మడతలు కనిపిస్తే అది తలే. దాని మీద ఎమిగ్డలా అనే మెదడులోని ఇంకో చిన్న భాగం కూర్చుని ఉంటుంది. రెండూ బూడిదరంగే, పక్కపక్కన అంటుకుని ఉంటాయి. కరోనల్ బొమ్మలో ఎంతసేపు చూసినా విడదీయలేం. అప్పుడు పక్క బొమ్మకి, అంటే సజిటల్‌కి వెళ్లండి. రెండింటి మధ్య ఆల్వియస్ అనే సన్నటి తెల్లటి పొర కనిపిస్తుంది, అరిటాకు ఈనెంత సన్నంగా. కొందరిలో టెంపొరల్ హార్న్ నీళ్లు కూడా ఆ సందులోకి కొద్దిగా వెళ్లి నల్లటి చుక్కలా ఉంటాయి. అక్కడ మొదట సజిటల్‌లో హద్దు గీసుకుని, ఆ గీతని పట్టుకుని కరోనల్‌లో నింపుతాను. నా తొలి ఏడాది కొలతల్లో సగం తప్పులు ఈ ఎమిగ్డలా ముక్కని కలుపుకోవడం వల్ల వచ్చినవే.

అన్నిటికన్నా పేచీ లోపలి పక్కన. హిప్పోకాంపస్ అడుగు భాగం సబిక్యులం, అది అలాగే వంగి పక్కనున్న పారాహిప్పోకాంపల్ గైరస్ అనే మెదడు మడతలో కలిసిపోతుంది. ఇక్కడితో ఇది అయిపోయింది అని ప్రకృతి గీత గీయలేదు. పొలం గట్టు లేని చోట సర్వే రాయి మనమే పాతుకోవాలి. ఒక్కో ల్యాబు ఒక్కో చోట పాతింది. దాంతో ఒక ల్యాబు అంకె ఇంకో ల్యాబు అంకెతో కలవదు. ఈ గొడవ తీర్చడానికి ఐరోపా, అమెరికా నిపుణులు కలిసి, వాడుకలో ఉన్న పన్నెండు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి, ఒక ఉమ్మడి పద్ధతి తయారుచేశారు. 2015లో అది బయటికొచ్చింది. సబిక్యులం లోపలికే, పైన ఆల్వియస్, ఫింబ్రియా అనే తెల్లటి పొరలూ లోపలికే, తోక మొత్తం లోపలికే. నేను దాన్నే పాటిస్తాను. మీరు ఏది పాటించినా ఫరవాలేదు, దాని పేరు రిపోర్టులో రాయండి.

తోక విషయంలో పాత పద్ధతులు చాలా వరకు ఫార్నిక్స్ (హిప్పోకాంపస్ నుంచి బయల్దేరే తెల్లటి కట్ట) కాలు పూర్తిగా కనిపించే స్లైస్ దగ్గర ఆగిపోయేవి. అక్కడ ఆగితే గీయడం తేలిక. కానీ వెనక మిగిలిన ముక్కని వదిలేసినట్టే.

ఆ వెనక ముక్కకి విలువుంది. 2000లో లండన్‌లో ఎలినార్ మగ్వైర్ బృందం టాక్సీ డ్రైవర్ల మెదళ్లు కొలిచింది. వాళ్లు ఆ ఊరి వీధులన్నీ బట్టీ పట్టి పరీక్ష రాసినవాళ్లు. వాళ్లలో హిప్పోకాంపస్ వెనక భాగం మామూలువాళ్లకన్నా పెద్దగా ఉంది, ముందు భాగం చిన్నగా ఉంది. మొత్తం కలిపి చూస్తే తేడా లేదు! మొత్తం అంకె ఒక్కటే రాసుకుని ఊరుకుని ఉంటే ఏమీ దొరికేది కాదు. అందుకే నేను తల, మధ్య భాగం, తోక మూడు రంగుల్లో గీసి మూడు అంకెలూ రాసి పెట్టుకుంటాను. (గూగుల్ మ్యాప్ లేని రోజుల్లో గవర్నర్‌పేట సందుల్లో తిప్పిన బెజవాడ ఆటోవాళ్లని కూడా ఎవరైనా కొలిచి ఉండాల్సింది.)

నీళ్ల పక్కన కనిపించే కొరాయిడ్ ప్లెక్సస్ (ఆ నీళ్లని తయారుచేసే కణజాలం) చుక్కని కలపకండి. లోపల ఆవగింజల్లాంటి చిన్న నీటి బుడగలు కొందరిలో ఉంటాయి, చాలావరకు జబ్బేమీ కాదు. వాటిని కలుపుతారో తీసేస్తారో ముందే తేల్చుకుని రెండు వైపులా అదే చేయండి. గీయడం అయ్యాక త్రీడీ బొమ్మ తిప్పి చూడండి. కొమ్ములు, మెట్లు, విడిగా తేలే ముక్కలు కనిపిస్తే ఆ స్లైసుకి వెళ్లి సరిచేయండి.

లెక్క

లెక్క మాత్రం చాలా సులువు. ప్రతి స్లైసులో మనం గీసిన వైశాల్యాలన్నీ కూడి, స్లైసుకీ స్లైసుకీ మధ్య దూరంతో గుణించాలి. పదిహేడో శతాబ్దంలో ఇటలీ గణితవేత్త కవలియెరీ చెప్పిన సూత్రమే ఇది. సాఫ్ట్‌వేర్ తనే చేసి పెడుతుంది. కానీ ఆ "మధ్య దూరం" దగ్గర నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను.

బెజవాడలో ఉన్నప్పుడు ఒకావిడ పాత కరోనల్ స్కాన్ కొలిచాను. పన్నెండు స్లైసులు, వైశాల్యాల మొత్తం 980 చదరపు మిల్లీమీటర్లు. స్లైస్ మందం 3 మిల్లీమీటర్లని రాసి ఉంది. చేత్తో గుణించాను, 2940 ఘన మిల్లీమీటర్లు. అంటే 2.94 సీసీలు. ఏడాది తర్వాత ఆవిడకి త్రీడీ స్కాన్ తీస్తే 3150 వచ్చింది. రెండూ పక్కపక్కన రాసి పంపాను. సాయంత్రం పెద్ద డాక్టరుగారు ఫోన్ చేసి, "ఏమ్మా, ఈవిడకి ఏడాదిలో హిప్పోకాంపస్ ఏడు శాతం పెరిగిందా? ఏం పెడుతున్నారు ఇంట్లో?" అన్నారు.

పాత స్కాన్‌లో స్లైసుకీ స్లైసుకీ మధ్య 0.3 మిల్లీమీటర్ల గ్యాప్ ఉంది. గుణించాల్సింది 3తో కాదు, 3.3తో. అప్పుడు 3234 వస్తుంది. పెరగలేదు, రెండున్నర శాతం తగ్గింది. అదీ రెండు వేర్వేరు రకాల స్కాన్ల మధ్య పోలిక కాబట్టి, తగ్గిందని కూడా గట్టిగా అనకూడదు. ఆ రోజు నుంచి డైకామ్‌లో స్లైస్ మందం, స్లైసుల మధ్య దూరం రెండూ విడివిడిగా చూసి కాగితం మీద రాశాకే మౌస్ పట్టుకుంటాను.

ఇంకో లెక్క చేసి చూడండి, కళ్లు తెరుచుకుంటాయి. హిప్పోకాంపస్‌ని 40 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం అనుకుందాం. ఘనపరిమాణం సుమారు 3140. ఇప్పుడు మీ గీత చుట్టూతా అర మిల్లీమీటరు, అంటే అర పిక్సెల్, బయటికి పడింది. 3800 అవుతుంది. అర మిల్లీమీటరు లోపలికి పడితే 2545. పైకి 21 శాతం, కిందకి 19 శాతం. ఇంత చిన్న వస్తువుకి ఒంట్లో కన్నా అంచులోనే ఎక్కువ ఉంటుంది. లివర్ కొలిచేటప్పుడు అర మిల్లీమీటరు ఎవరికీ పట్టదు. ఇక్కడ అదే మొత్తం తీర్పుని తిప్పేస్తుంది.

మా నాన్న మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసేవాడు. ఒక కాటా బస్తాకి అరకిలో ఎక్కువ చూపిస్తుందని అందరికీ తెలుసు. నాన్న దాన్ని మార్చమని గొడవపడేవాడు కాదు. రైతు సరుకంతా మొదటి బస్తా నుంచి చివరి బస్తా దాకా అదే కాటా మీద తూచాలని మాత్రం పట్టుబట్టేవాడు. మధ్యలో కాటా మారిస్తేనే తగాదా. నా గీత కూడా అలాంటి కాటాయే. కాస్త బయటికి గీసే చెయ్యి నాది, ఆ సంగతి నాకు తెలుసు. ఎప్పుడూ అంతే బయటికి గీస్తున్నానా లేదా అన్నదే నేను చూసుకోవాల్సింది.

నా చెయ్యిని నేనే ఎలా పరీక్షిస్తాను

ఒక పేషంటుని కొలిచి, పేరు కనిపించకుండా చేసి, రెండు వారాల తర్వాత పాత గీత చూడకుండా మళ్లీ గీస్తాను. రెండు అంకెలు దగ్గరగా వస్తే చాలనుకోకండి. ముందు ఎక్కువ గీసి వెనక తక్కువ గీసినా మొత్తం కలిసిపోతుంది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి ఎంత పడ్డాయో చూడాలి. దానికి డైస్ కొలత ఉంది: రెండింటికీ ఉమ్మడి భాగాన్ని రెట్టింపు చేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. మొదటిసారి 3100 వాక్సెల్స్ (త్రీడీ బొమ్మలోని చిన్న చిన్న ఘనాలు), రెండోసారి 3000, ఉమ్మడిగా 2750 ఉంటే, 5500ని 6100తో భాగిస్తే 0.90. పూర్తిగా కలిస్తే 1. నేర్చుకునేవాళ్లు 0.85 దాటేదాకా పేషంటు రిపోర్టు జోలికి రావద్దంటాను. ఇది నా గదిలో నేను పెట్టుకున్న గీటురాయి, ఎక్కడా చట్టం కాదు.

ఫిట్స్ కేసుల్లో నేను ఇంకో జాగ్రత్త తీసుకుంటాను. ఏ వైపు అనుమానమో చీటీలో ఉంటుంది కదా, అది చదివాక ఆ వైపు తెలియకుండానే చెయ్యి బిగుసుకుంటుంది, గీత లోపలికి పోతుంది. అందుకని బొమ్మని అద్దంలోలా ఎడమ కుడి తిప్పి ఒకసారి, తిప్పకుండా ఒకసారి గీస్తాను. ఈ పని చేసిన రోజు ఫైలు పేరులోనే "తిప్పినది" అని రాయండి, లేకపోతే క్యాప్సూల్ కూడా కాపాడలేదు. కుడి 3.1, ఎడమ 2.5 వస్తే తేడా 0.6, సగటు 2.8, అంటే 21 శాతం. అది గట్టి తేడా. కుడి 3.1, ఎడమ 3.0 అయితే మామూలు సంగతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కుడివైపుది కాస్త పెద్దదే. అయినా అంకె ఒక్కటే చాలదు. టీ2లో ఆ వైపు తెల్లగా వెలుగుతోందా, తల మీది కజ్జికాయ మడతలు చెరిగిపోయాయా, ఇవి రేడియాలజిస్టుగారు చూస్తారు.

తల సైజు కూడా చూడాలి

పెద్ద తలలో పెద్ద హిప్పోకాంపస్ ఉంటుంది, అందులో వింతేముంది? కాబట్టి పుర్రె లోపలి మొత్తం ఘనపరిమాణం కూడా కొలిచి దాంతో పోల్చాలి. ప్రతి స్లైసులో గీయనక్కర్లేదు, ప్రతి పదో స్లైసులో గీస్తే సరిపోతుంది. 1500 సీసీల తలలో 3.0 సీసీల హిప్పోకాంపస్ ఉంటే 0.200 శాతం. 1300 సీసీల తలలో 2.7 ఉంటే 0.208 శాతం. చిన్న అంకె ఉన్న మనిషే నిజానికి మెరుగు. ఆడవాళ్ల రిపోర్టుల్లో ఈ పోలిక లేకుండా "తక్కువ" అని రాసేసినవి చూశాను, ఒళ్లు మండుతుంది. మెదడు సైజుతో పోల్చకండి, పుర్రె లోపలి చోటుతో పోల్చండి. మెదడు కూడా వయసుతో కుదించుకుపోతుంది, పుర్రె కుదించుకుపోదు.

సాఫ్ట్‌వేరే గీస్తుంది కదా, ఇదంతా ఎందుకు?

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, ఫ్రీసర్ఫర్ ఉంది. బోస్టన్‌లో తయారైంది, ఉచితం. రాత్రి పెట్టి ఇంటికెళితే పొద్దుటికి హిప్పోకాంపస్‌తో పాటు మెదడు మొత్తం ముక్కలు ముక్కలుగా కొలిచి పెడుతుంది. (మే నెలలో రాత్రి పెడితే కరెంటు పోయి పొద్దున మళ్లీ మొదటికి రావచ్చు. యూపీఎస్ చూసుకోండి.) ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఫస్ట్ అనే ప్రోగ్రాం కూడా ఇదే పని చేస్తుంది. అలసిపోదు, ముందే అభిప్రాయం పెట్టుకోదు, వందల స్కాన్లు ఒకే చెయ్యితో గీసినట్టు గీస్తుంది.

కానీ మూడు విషయాలు. ఫ్రీసర్ఫర్ సాధారణంగా చేతి గీతకన్నా పెద్ద అంకె ఇస్తుంది. కాబట్టి పోయినేడు చేత్తో, ఈ ఏడు దాంతో కొలిచి తేడా తీయకూడదు. రెండోది, వెర్షన్ మారినా, చివరికి కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టం మారినా అంకె కాస్త మారుతుంది. ఒక పేషంటు స్కాన్లన్నీ ఒకే వెర్షన్‌లో, ఒకే కంప్యూటర్‌లో నడపండి. పాత స్కాన్‌ని కూడా మళ్లీ నడపండి. మూడోది, అది గీసిన గీతని తెరిచి చూడకుండా అంకె ఎత్తి రాయకండి. ఎమిగ్డలా దగ్గర, కొరాయిడ్ ప్లెక్సస్ దగ్గర అది కూడా మనలాగే తడబడుతుంది. చేత్తో గీయడం వచ్చినవాళ్లకే ఆ తప్పు కంటికి ఆనుతుంది.

ఏడాది తర్వాత మళ్లీ కొలిస్తే ఎంత తగ్గాలి? పెద్ద వయసు వచ్చిన ఆరోగ్యవంతుల్లో ఏడాదికి ఒకటి, ఒకటిన్నర శాతం తగ్గుతుంది. అల్జీమర్స్‌లో నాలుగున్నర శాతం ప్రాంతంలో. 3000 ఘన మిల్లీమీటర్ల మీద మొదటిది 45 లోపు, రెండోది 135. మీ చేతి తప్పే 150 ఉంటే ఈ రెండింటినీ విడదీయలేరు. అందుకే అదే మెషీన్, అదే ప్రోగ్రాం, అదే చెయ్యి. 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత) మెషీన్‌లో తీసింది 3 టెస్లాలో తీసినదానితో పోల్చి, పావు శాతం దాకా లెక్కలు రాసినవాళ్లని చూస్తే భయమేస్తుంది.

అన్నిటికీ ఇంత తతంగం అక్కర్లేదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి శనగగింజంత ఉంటుంది, దాని ఎత్తు ఒక్కటి సన్నటి స్లైసుల్లో కొలిస్తే చాలు. చిన్నపిల్లల్లో 6, మగవాళ్లలో, ముట్లుడిగిన ఆడవాళ్లలో 8, నెలసరి వచ్చే వయసులో 10, గర్భిణుల్లో, బాలింతల్లో 12 మిల్లీమీటర్లు పై హద్దుగా ఎల్స్టర్ అనే రేడియాలజిస్టు చెప్పిన లెక్క వేళ్ల మీద గుర్తుంటుంది. వయసు అడగకుండా కొలత చెప్పకండి. పద్దెనిమిదేళ్ల అమ్మాయికి తొమ్మిది ఉంటే పెద్దదని హడలగొట్టి పంపించారు ఒకసారి ఎక్కడో, మా దగ్గరికి వచ్చేసరికి తల్లి ఏడ్చి ఏడ్చి ఉంది. హిప్పోకాంపస్‌ని కూడా సమయం లేనప్పుడు కంటితో అంచనా వేసే షెల్టెన్స్ స్కేలు ఉంది. 1992 నాటిది, సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. డాక్టర్లకి రోజువారీ పనికి అది బాగానే సరిపోతుంది. నెలల తేడా పట్టాలంటే మాత్రం గీయాల్సిందే.

స్కేలు తెచ్చినాయన సంగతి. వాళ్ల నాన్నగారి పాత స్కాన్ ఐదు మిల్లీమీటర్ల స్లైసులది, సీడీ తెప్పించి చూశాను, కొలవడానికి పనికిరాదు. ఆ మాటే చెప్పాను. డాక్టరుగారితో మాట్లాడి కొత్తగా త్రీడీ తీశాం. పెద్దాయన రెండుసార్లు కదిలారు, మూడోసారికి కుదిరింది. ఆయన కొడుకు కన్సోల్ రూము అద్దం బయట నిలబడి, నేను రంగు వేస్తుంటే గంటసేపు చూశాడు. "ఇంతేనా అమ్మా, ఇంత చిన్నదా?" అన్నాడు. స్కేలు ఇంకా చేతిలోనే ఉంది.

సీడీ రెండు కాపీలు చేసి ఇచ్చాను, ఒకటి బీరువాలో పెట్టుకోమని, వచ్చే ఏడు ఎక్కడికెళ్లినా పట్టుకెళ్లమని. నా పుస్తకంలో ఆ పేజీలో ఇలా ఉంది: మెషీన్ 1.5 టెస్లా, త్రీడీ టీ1, 1 మిల్లీమీటరు, గ్యాప్ లేదు. క్యాప్సూల్ కుడి, సరిచూశాను. హద్దులు 2015 ఉమ్మడి పద్ధతి, బుడగలు కలిపాను. చేతి గీత, నాదే. రెండుసార్లు గీశాను, డైస్ 0.91. ఎడమ తల దగ్గర ఎమిగ్డలా హద్దు రెండు స్లైసుల్లో అనుమానం. వచ్చే ఏడు ముందు ఆ రెండు స్లైసులు చూడాలి.